కడగని రూపాయి

మా ఇంట్లో యాభై ఏళ్లకు పైగా ఒక దొంగసొమ్ము ఉంది. ఇల్లు మారినప్పుడల్లా అది నాతోపాటే మారింది. పెళ్లి పెట్టెలో కొన్నాళ్లు, బీరువా అరలో కొన్నాళ్లు, చివరికి ఖాళీ పౌడరు డబ్బాలో దూది మధ్య స్థిరపడింది. ఒకవైపు చార్మినారు, ఇంకోవైపు పార్శీ అక్షరాలు ఉన్న నిజాం కాలపు వెండి రూపాయి అది. వెండి అని నేను చెప్తే తప్ప ఎవరూ నమ్మరు, అంత నల్లగా ఉంటుంది. నా చిన్నతనంలో మా అమ్మమ్మ నన్ను చూపించి, "దీని నోట్లె నువ్వుగింజ నానదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ మాట నిజమే. ఇంట్లో కూర మాడినా వాడకట్టంతా తెలిసేది నావల్లే. కానీ ఈ రూపాయి సంగతి మాత్రం అమ్మమ్మ కన్నుమూసేదాకా ఆమెకు చెప్పలేదు. ఇంకెవరికీ చెప్పలేదు.

మొన్న ఎండాకాలంలో కరీంనగర్‌లో పాత నాణేల ప్రదర్శన పెట్టారంటే డబ్బా చేతిసంచిలో వేసుకుని వెళ్లాను. కొనేవాళ్లలో మా చిన్నోడి వయసు కుర్రాడొకడు రూపాయిని అంచులు పట్టి తీసుకుని, అద్దం పెట్టి చూసి, ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. "అమ్మా, దీన్ని ఎవ్వరూ కడగలేదు గదా!" అన్నాడు. కడగని నలుపుకు విలువ కట్టినవాడు నా జీవితంలో అతను రెండోవాడు. మిగతా బల్లల మీద తళతళలాడే రూపాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి, వాటి వంక చూసేవాళ్లే లేరు. నా నల్లరూపాయికి అతను చెప్పిన ధర విని అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. మోటారు బిగించిన కొత్త కుట్టుమిషన్ వస్తుంది ఆ డబ్బుతో. అమ్మనని చెప్పి బయటికొచ్చి, ఇంటికి పోవలసినదాన్ని సిరిసిల్ల బస్సెక్కాను. సిరిసిల్లలో మా చిన్నమ్మ ఉంది. ఆ రూపాయి ఆమెది.

ఇది అరవై తొమ్మిది ఉద్యమం నాటి మాట. మేం సిరిసిల్లలో ఉండేవాళ్లం, నాన్న మగ్గం నేసేవాడు. జై తెలంగాణ అంటూ పిల్లలంతా రోడ్ల మీదికి రావడంతో బడులు మూతపడ్డాయి. ఇంట్లో ఉంటే నా నోటికి తట్టుకోలేక అమ్మ నన్ను కోరుట్లలో అమ్మమ్మ దగ్గర దింపి వచ్చింది. నాకప్పుడు పదమూడేళ్లు ఉంటాయేమో. బడి లేకపోవడం, అమ్మమ్మ ఇల్లు, పైగా ఊరంతా నినాదాలు. ఉద్యమం అంటే ఇంత బాగుంటుందా అనుకున్నాను, సిగ్గులేకుండా.

అమ్మమ్మ ఇల్లు అనగానే నాకు ముందు ముక్కుకే గుర్తొస్తుంది. ఊరవతల కళ్లాల్లో పసుపు ఉడకబెట్టే వాసన పొద్దున్నే వాకిట్లోకి వచ్చి కూర్చునేది. ఎండ ఎక్కేసరికి ఇంట్లోంచి తునికాకు వాసన, పొగాకు వాసన దాంతో కలిసేవి. మా చిన్నమ్మ రాజమణి, అంటే మా అమ్మకు చెల్లె, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమెకు ఇరవై ఏళ్లు. వేళ్లు చూస్తుండగానే ఆకు చుట్టేసి దారం కట్టేసేవి గానీ, ఆ పొగాకు ధూళి ఆమెకు పడేది కాదు. నాలుగు కట్టలు చుడితే నాలుగుసార్లు బయటికి పోయి దగ్గి వచ్చేది. బీడీల పని మానేసి బట్టలు కుట్టుకు బతకాలని ఆమె కోరిక. మిషన్ లేదు. అయినా పాత పేపర్లు కత్తిరించి జాకెట్లు, లంగాలు తయారుచేసి గోడకు గుచ్చేది. వచ్చినవాళ్లు అవేమిటని అడిగితే, "మిషన్ వచ్చినంక కుట్టేటియి" అనేది, మిషన్ రేపో మాపో బండి దిగబోతున్నట్టు.

ఆ రోజుల్లోనే పశువుల కొట్టంలో గుంజ పుచ్చిపోయిందని, కొత్తది పాతడానికి మామ గుంత తవ్వాడు. మామ అంటే అమ్మ తమ్ముడు, జగిత్యాలలో చదివేవాడు, చదువుకన్నా ఊరేగింపుల్లో ఎక్కువ కనిపించేవాడు. గడ్డపార ఒక చిన్న మట్టిగురిగికి తగిలింది. లోపల పన్నెండు రూపాయలు, అన్నీ నల్లగా. రజాకార్ల కాలంలో తాత పాతిపెట్టి, ఎక్కడ పాతాడో చెప్పకుండానే పోయాడు. అమ్మమ్మ గురిగి ముందు కూర్చుని, "ఓ అయ్యా, ఒక్కమాట చెప్పి పోతె ఏం పోతుండెనయ్యా" అని కాసేపు ఏడ్చి, వెంటనే కళ్లు తుడుచుకుని, "గివి రాజమణి మిషన్‌కు" అని తేల్చేసింది. చిన్నమ్మ లేచి పోయి గోడకున్న పేపరు జాకెట్ల దుమ్ము దులిపింది.

మామకు జగిత్యాలలో ఉర్దూ చెప్పిన మహమూద్ సారుకు పాత పైసలంటే పిచ్చి. ఒక రూపాయి చూపించి ధర కనుక్కుందామని మామ బయల్దేరితే నేనూ వెంటపడ్డాను. సారు ఇల్లు ఖిల్లా దగ్గర. మామ నన్ను, రూపాయిని ఆయనకు అప్పజెప్పి, "ఇప్పుడే వస్త" అని ఊరేగింపులోకి జారుకున్నాడు. సారు ఆ రూపాయిని అరచేతిలో పట్టుకోలేదు, రెండు వేళ్లతో అంచు మీద పట్టుకున్నాడు. భూతద్దంలోంచి నన్ను కూడా చూడమన్నాడు. చార్మినారు గోపురాల మీది గీతలు ఒక్కొక్కటీ కనిపించాయి.

"బేటీ, మంచిగ ఇను," అన్నాడు. "గీ నలుపు మురికి కాదు. ఇరవై ఏండ్లు మట్టిల ఉండి వెండి తెచ్చుకున్న రంగు. రుద్దితె రంగుతోని వెండి గూడ పోతది, అక్షరాల అంచులు పోతయి. కడిగిన రూపాయికి వెండి ధరనే. కడగని రూపాయికి దాని ధర వేరే. పన్నెండు గిట్లనే ఉన్నయంటె నేను, నా దోస్తు కలిసి తీసుకుంటం. మీ చిన్నమ్మకు కాలి మిషన్ వస్తది. ఇంటికి పొయ్యి అమ్మమ్మకు ఏం చెప్తవ్?"

"కడగొద్దని చెప్త సార్."

"నీళ్లు గూడ తగలొద్దని చెప్పు."

"నీళ్లు గూడ తగలొద్దని చెప్త సార్."

పాఠం అప్పజెప్పినంత బాగా అప్పజెప్పాను. ఇంతలో ఊరేగింపు సారు వాకిటి ముందుకే వచ్చింది. వందలమంది పిల్లలు, మధ్యలో ఎవరి భుజం మీదో మా మామ. నేను చెప్పులు కూడా వేసుకోకుండా అందులో దూకాను. జై తెలంగాణ అని అరిచిన అరుపులకు గొంతు పగిలి కీచుగా వచ్చింది. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు. మామ అక్కడే ఉండిపోయి, సారు దగ్గర్నుంచి రూపాయి తెచ్చి నా చేతికిచ్చి, కోరుట్లకు పోయే తెలిసినావిడకు నన్ను అప్పజెప్పి బస్సెక్కించాడు.

ఇంటికి రాగానే అమ్మమ్మ అడిగింది, "సారేమన్నడే?"

"అన్నీ తెమ్మన్నడు అమ్మమ్మా! కాలి మిషన్ వస్తదన్నడు!" అన్నాను. అంతే. అక్కడి నుంచి ఊరేగింపులో పడిపోయాను. మామ ఎట్లా అరిచాడు, నేను ఎట్లా అరిచాను, పోలీసును చూసి ఎవరెవరు ఏ సందులో దూరారు, అన్నీ చెప్పాను. అన్నం తింటూ చెప్పాను, చేయి కడుక్కుంటూ చెప్పాను. నోట్లో నువ్వుగింజ నాననిదాన్ని, చెప్పాల్సిన ఒక్క గింజ తప్ప అన్నీ చెప్పేశాను.

మా అమ్మమ్మకు ఒక పట్టింపు ఉండేది. ఇంట్లో వెండి పరాయి చేతికి పోతూ గడప దాటితే స్నానం చేయించి, పసుపుకుంకుమ పెట్టి పంపాలి. కుదువకు పోయినా అంతే, పెళ్లికి ఇచ్చినా అంతే. మర్నాడు పొద్దున వాకిట్లో చింతపండు నానబెట్టి, పొయ్యిలో బూడిద, మెత్తగా దంచిన ఇటుకపొడి, కొబ్బరిపీచు ముందేసుకుని కూర్చుంది. "బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు తల దువ్వకుండ తోలుతమా? లచ్చిమిని మసి మొఖంతోని ఎట్ల తోలాలె?" అంది. చిన్నమ్మ ఒకవైపు, నేను ఒకవైపు. పుల్లటి వాసన, తడి బూడిద వాసన, ముగ్గురి గాజుల చప్పుడు. చింతపులుసులో వేసినవాటి నలుపు మెల్లగా ఊడి నీళ్లలోకి పోతుంటే ఏదో గొప్ప పని చేస్తున్నట్టే ఉంది. అందరికన్నా గట్టిగా రుద్దింది నేనే.

చిన్నమ్మ ఒక రూపాయి ఎండకు పట్టి, "సుగుణా, చూడే, మొఖం కనపడ్తంది!" అంది. వంగి చూశాను. నా మొహం కనపడింది గానీ, సారు భూతద్దంలో చూపించిన గోపురం గీతలు కనపడలేదు. అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు గూడ తగలొద్దని చెప్త సార్. రుద్దుతున్న చేయి ఆపి చుట్టూ చూశాను. పదకొండు రూపాయలు అప్పటికే కడిగినవో, పులుసులో మునిగినవో అయ్యాయి. ఒక్కటి మాత్రం నా మోకాలి పక్కన పొడిగా, నల్లగా ఉంది. దాన్ని తీసి లంగా బొడ్లో దోపుకున్నాను. ఒక్కటైనా దక్కితే చాలనుకున్నాను, తర్వాత మెల్లగా చెప్దామనుకున్నాను. కానీ చిన్నమ్మ మొహం చూశాక, చేతిలో ఉన్నదాన్నే మళ్లీ రుద్దుతూ కూర్చున్నాను.

అమ్మమ్మ కడిగినవాటిని గుడ్డ మీద పేర్చి లెక్కపెట్టింది. ఒకటి అనదు కదా, "లాభం, రెండు, మూడు" అంటూ పోయి పదకొండు దగ్గర ఆగిపోయింది. మళ్లీ లెక్కపెట్టింది. ఇక చూడండి మా వాకిట్లో గత్తర. బూడిదంతా జల్లెడ పట్టారు. చింతపిప్పి పిసికారు. గిన్నెలు తోమేచోట మురికినీళ్లు పోయే మోరిలో కట్టెపుల్ల పెట్టి గెలికారు. నేను మోచేతుల దాకా మోరిలో చేయిపెట్టి మరీ వెతికాను. దొంగకు తేలు కుట్టినట్టంటారే, ఆ తేలు నా బొడ్లోనే ఉంది. చివరికి అమ్మమ్మే, "పోనియ్యుండ్రి. లచ్చిమి మోరిల వడి పోయింది. మన పాపం" అని నిట్టూర్చింది. ఆ మాటకు నేను భోరున ఏడిస్తే, పిల్లది ఎంత మంచి మనసుదో అని చిన్నమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది.

రెండు రోజులకు ముగ్గురం జగిత్యాల బయల్దేరాం. దారిలో పిల్లలు బస్సుకు అడ్డం కూర్చున్నారు. అందరూ దిగండి అంటున్నారు. అమ్మమ్మ నడుముకు రూపాయల ముడి, దిగితే ఎక్కడ జారుతుందోనని భయం. కిటికీలోంచి తల బయటపెట్టి, "జై తెలంగాణ! మా కొడుకు గూడ మీతోనే ఉన్నడు బిడ్డా, జర తొవ్వియ్యుండ్రి!" అని ఒక్క కేక వేసింది. పిల్లలు నవ్వి లేచారు. ఉద్యమంలో అమ్మమ్మ పాత్ర అంతే, కానీ దాన్ని ఆమె చచ్చేదాకా చెప్పుకుంది.

సారు ముందు అమ్మమ్మ గర్వంగా ముడి విప్పింది. పదకొండు రూపాయలు పసుపుకుంకుమ బొట్లతో ధగధగలాడాయి. సారు మొహం మాత్రం వాడిపోయింది. ఒకటి తీసి, అద్దం పెట్టి, పక్కన పెట్టేశాడు. ఇంకొకటి. ఇంకొకటి. ఇటుకపొడి గీతలు నాకు దూరం నుంచే కనపడుతున్నట్టనిపించింది. ఆయన తల ఎత్తి నావైపు చూశాడు. "బేటీ, నువ్వు..." అని ఆగాడు. నేను ఏం చూపు చూశానో నాకు తెలియదు. గడపకు అంటుకుపోయి నిలబడ్డాను. బొడ్లో రూపాయి నిప్పులా ఉంది.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తప్పు నాదే అమ్మా," అన్నాడు అమ్మమ్మతో. "కడగొద్దని చెప్పి పంపాల్సి ఉండె. మర్చిపోయిన. కడిగితె వీటి ధర తగ్గుతది. ఇప్పుడు వెండి ధర తప్ప రాదు."

అమ్మమ్మ ఊరుకునే మనిషా? "గదేం న్యాయం సారూ? స్నానం చేస్తె మనిషి ధర తగ్గుతదా? మసి ఉంటె ఎక్కువ, మంచిగుంటె తక్కువనా? గట్లయితె మా పొయ్యిల ఉన్న కుండకు ఎంతిస్తరు?" అని నిలదీసింది. సారు ఏదో చెప్పబోయి నవ్వాపుకోలేకపోయాడు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ మెరిసే రూపాయల వైపు అట్లాగే చూస్తూ కూర్చుంది.

అప్పుడు లోపలి పరదా పక్కకు జరిగింది. సారు భార్య, బేగమమ్మ అనేవాళ్లం, బయటికొచ్చింది. "అన్నీ ఇన్న," అంది భర్తతో. "నీ మతిమరుపుకు గీ పిల్ల మిషన్ పోవాల్నా? నిన్న గూడ ఉప్పు తెమ్మంటె చక్కెర తెచ్చినవ్!" సారు కళ్లద్దాలు మళ్లీ తుడుచుకున్నాడు. ఆమె రూపాయలు చేతిలోకి తీసుకుని గలగలలాడించింది. "యా అల్లా, ఎంత మంచిగ మెరుస్తున్నయి! ఇన్నేండ్ల సంది నీ నల్లపైసలు చూసి చూసి నా కండ్లు పోయినయి. గివి నాకు కావాలె, మనవరాలి మెడలకు రూపాయల పేరు గుచ్చిస్త." తర్వాత లోపలికి వెళ్లి, గుడ్డ కప్పిన తన చేతిమిషన్ తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టింది. "నా కండ్లకు ఇగ దారం ఆనుతలేదు. నువ్వు తీస్కపో బిడ్డా."

చిన్నమ్మ ఆ మిషన్ పిడి పట్టుకుని ఒకసారి తిప్పింది. సూది కిందికీ పైకీ కదిలింది. అప్పుడు ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో మిషన్‌ను బస్సు పైన వేయనివ్వలేదు, ఒళ్లోనే పెట్టుకుంది. దాని మీద మొదట కుట్టింది మామ తెచ్చిన నల్లగుడ్డతో జెండాలు. నేను పిడి తిప్పేదాన్ని, ఆమె గుడ్డ నడిపేది. కాలి మిషన్ అయితే ఒక్కతే కుట్టుకునేదని నాకు తెలుసు. అందుకే చెయ్యి పడిపోయేదాకా తిప్పేదాన్ని. బడులు తెరిచాక కూడా సెలవులకు వెళ్లి తిప్పాను. బీడీల చాట అటకెక్కింది. తర్వాత ఆమెకు మా సిరిసిల్లలోనే మగ్గం నేసేవాడితో పెళ్లయి, మిషన్‌తో సహా మా వీధికే వచ్చింది. సిరిసిల్ల బట్టతో ఆమె కుట్టిన లంగాలకు లెక్కలేదు.

అంతా మంచిగానే జరిగింది కదా, ఇక చెప్పేదేముంది అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. కానీ దీపావళి వస్తే ఆ సర్దుబాటు నిలిచేది కాదు. ఆ ఏడు నుంచి అమ్మమ్మ గడపకు, తులసికి పెట్టినట్టే మోరి దగ్గర కూడా ఒక దీపం పెట్టేది. "మా లచ్చిమి మోరిల వడిపోయింది గద, చీకట్ల ఉంటది పాపం" అనేది. అమ్మమ్మ పోయాక సిరిసిల్లలో తన ఇంటి మోరి దగ్గర చిన్నమ్మ పెట్టడం మొదలుపెట్టింది. దాంట్లో ఎన్నిసార్లు నూనె పోశానో నాకే తెలుసు.

చిన్నమ్మకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. నేను వెళ్లేసరికి కోడలు మోటారు మిషన్ మీద కుడుతుంటే వెనక నిలబడి వంకలు పెడుతోంది. కోరి కొట్లాడిన రాష్ట్రం వచ్చింది, నేను తిప్పిన చేతిమిషన్ అటకెక్కింది, ఇంట్లో రెండు కరెంటు మిషన్లు గుర్రుమంటున్నాయి. ఆ రోజుల్లో తోమి తళతళలాడిస్తేనే వస్తువుకు మర్యాద. ఇప్పుడు నలుపుకు డబ్బులు, కొత్త గోడలకు కూడా పాత రంగు వేయించుకుంటున్నారు. లోకం మహమూద్ సారు వైపుకు వచ్చిందని, ఆయన ఉంటే ఎంత మురిసేవాడోనని దారంతా అనుకున్నాను.

డబ్బా తెరిచి రూపాయి ఆమె అరచేతిలో పెట్టాను. "గిది మోరిల పోలేదు చిన్నమ్మా. నేనే దాచిన," అన్నాను. ఒకసారి మొదలైతే ఆగలేదు. సారు కడగొద్దని అన్నది, నేను ఊరేగింపు మోజులో మరిచిపోయింది, రుద్దుతుండగా గుర్తొచ్చి కూడా నోరు మూసుకున్నది, సారు తప్పు తన మీద వేసుకున్నది, అన్నీ చెప్పాను. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, బడి ఎగ్గొట్టిన పిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను.

చిన్నమ్మ రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితె నీ పుణ్యాన నా కాలి మిషన్ చెయ్యి మిషనైందన్నట్టు!" అంది చివరికి.

"అవ్ చిన్నమ్మా."

"గందుకేనానే, చెయ్యి నొస్తున్నా పిడి ఇడువకపోతుంటివి?" నేను తలూపాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ నవ్వింది, కళ్లు కొంగుతో తుడుచుకుంది. "అమ్మకు చెప్పాల్సి ఉండెనే. తిట్టకపోవు ఆమె. ఎన్నేండ్లు దీపం పెట్టె."

ఆ ఒక్కమాట మాత్రం గుచ్చుకుంది. 

మళ్లీ ఆమే అడిగింది, "గిప్పుడు దీనికెంతొస్తది?"

"కడగకుండ ఉంటె మోటరుతోని కొత్త మిషనొస్తదట. కడిగితె వెండి ధరనే." ఈసారి ఒక్క ముక్క మరిచిపోకుండా, మొత్తం చెప్పాను.

చిన్నమ్మ రెండు మిషన్ల వైపు చూసింది, నావైపు చూసింది. "నాకు మిషన్లున్నయి. పో, వంటింట్లకెళ్లి చింతపండు తే."

"చిన్నమ్మా!"

"ఇన్నేండ్లకు ఇంటికొచ్చిన లచ్చిమి కాళ్లు కడుక్కోకుండ లోపలికి వస్తదా?"

వెళ్లి తెచ్చాను. కోడలు మిషన్ ఆపి వింతగా చూస్తుంటే, ఇద్దరం వాకిట్లో కూర్చుని రుద్దాం. నలుపు మెల్లగా నీళ్లలోకి ఊడి వచ్చింది. చిన్నమ్మ రూపాయిని కొంగుతో తుడిచి, ఎండకు పట్టి, పసుపుకుంకుమ పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. చింతపులుసు నీళ్లు మోరిలో ఒంపుతూ నాతో అంది.

"ఇగ ఈ ఏడు సంది గిక్కడ దీపం వద్దు సుగుణా."